గనిలో వెలుగు: సర్ హంఫ్రీ డేవీ

కొండపల్లిలో తెల్లపొణికి కఱ్ఱను చెక్కి బొమ్మలు చేయు కుటుంబములు తరతరములుగా గలవు. ఆ యూరి రైలుస్టేషనులో నిలిచినవారికి బొగ్గుబండ్లు కనబడుచుండును. 1889లో డోర్నకల్లు నుండి బెజవాడకు ఇనుపదారి వచ్చినది మొదలు సింగరేణి బొగ్గు ఈ దారినే దిగువకు తరలినది. అట్టి బొగ్గును భూగర్భమున త్రవ్వువారి ప్రాణరక్షణకై ప్రసిద్ధమైన దీపమును కల్పించిన శాస్త్రజ్ఞుడును ఒక కఱ్ఱపనివాని కుమారుడే.

అతడు హంఫ్రీ డేవీ. ఇంగ్లండు దేశపు నైరృతి కొననున్న కార్న్‌వాల్ మండలములో, పెంజాన్స్ అను రేవుపట్టణమున 1778 డిసెంబరు 17వ తేదీన జన్మించెను. తండ్రి రాబర్ట్ కొయ్యపై నగిషీలు చెక్కుటలో నేర్పరి. ధనము నిలుపుకొను నేర్పు మాత్రము లేదు. 1794లో అతడు అప్పులు మిగిల్చి మరణింపగా, తల్లి గ్రేస్ స్త్రీల టోపీల అంగడి పెట్టి ఐదుగురు బిడ్డలను పోషించెను. పెద్దవాడైన హంఫ్రీ మరుసటి యేడు ఊరి వైద్యునియొద్ద శిష్యుడుగా చేరి, మందులు నూరుచునే రసాయనశాస్త్ర గ్రంథములు చదివెను.

1798లో బ్రిస్టల్ నగరమునందలి ఒక వైద్యసంస్థ అతనిని పిలిపించెను. వాయువులను పీల్పించి రోగములు కుదుర్పవచ్చునా యని పరీక్షించుట అచటి పని. డేవీ ప్రతి వాయువును ముందు తానే పీల్చి చూచెడివాడు. నైట్రస్ ఆక్సైడు వలన నొప్పి తెలియకుండునని కనుగొనెను. మరియొక మారు కార్బన్ మోనాక్సైడు కలిసిన వాయువును పీల్చి, కొన్ని శ్వాసలకే కుప్పకూలి, చావు తప్పి బయటపడెను. గనిలో ప్రేలుడు జరిగిన పిదప, మంటకు చిక్కక మిగిలినవారిని చంపునది ముఖ్యముగా ఈ వాయువే.

1801లో అతడు లండనులోని రాయల్ ఇన్‌స్టిట్యూషనులో చేరెను. అతని ఉపన్యాసములకు నగర ప్రముఖులు క్రిక్కిరిసి వచ్చెడివారు. విద్యుచ్ఛక్తి సాయమున 1807లో పొటాసియమును, సోడియమును, మరుసటి యేడు కాల్షియము మొదలగు లోహములను వేరుపఱచెను. 1812లో సర్ బిరుదము పొందెను. 1813లో పుస్తకములకు అట్టలు కట్టు పని నేర్చిన మైకేల్ ఫారడే అను యువకుని సహాయకునిగా చేర్చుకొనెను.

ఇంతలో ఉత్తర ఇంగ్లండున ఘోరము జరిగెను. 1812 మే 25వ తేదీన ఫెల్లింగ్ అను గనిలో వాయువు ప్రేలి 92 మంది మరణించిరి. వారిలో పదేండ్లు నిండని బాలురును గలరు. మంట ఆర్పుటకై గనిని మూసివేయుటచే, శవములను వెలికి తీయుటకు వారములు పట్టెను.

ఆ వాయువు నేడు మీథేను అనబడుచున్నది. బురదగుంటను కఱ్ఱతో కదిపినపుడు బుడగలుగా వెలువడు వాయువులో ముఖ్యమైనదియు నిదే. దీనికి రంగు లేదు, వాసన లేదు. గాలిలో నూటికి 5 మొదలు 15 పాళ్లవఱకు కలిసినపుడు నిప్పు తగిలిన ప్రేలును. కటికచీకటిలో త్రవ్వువారికి క్రొవ్వొత్తి లేనిదే పని సాగదు, వెలిగించిన ప్రాణాపాయము. కొందఱు ఎండుచేపల తోలు నుండి వచ్చు మినుకువెలుగుతో కాలము గడిపిరట!

ప్రమాదములను అరికట్టుటకై ఏర్పడిన సంఘము డేవీని ఆశ్రయించెను. 1815 ఆగస్టులో అతడు గనుల ప్రాంతమునకు పోయి విచారించెను. పిమ్మట గనివాయువును సీసాలలో తెప్పించుకొని, ఫారడే తోడ్పాటుతో లండనులో పరీక్షించెను. ప్రేలుడు మంట సన్నని లోహపు గొట్టముల గుండ పోజాలదని గ్రహించెను. గొట్టములకు బదులు సన్నని తీగెవలయే చాలునని డిసెంబరు నాటికి తేల్చెను. లోహపుతీగె మంట వేడిని లాగికొనుటచే, వల దాటిన వాయువు అంటుకొనునంతటి వేడి నొందదు. పిండిజల్లెడవంటి ఆ వలలో చదరపు అంగుళమునకు 784 రంధ్రములు. దానిని దీపము చుట్టు గొట్టమువలె అమర్చెను. 1816 జనవరిలో హెబ్బర్న్ గనిలో పరీక్షింపగా దీపము నిలిచెను. మిత్రులు పేటెంటు తీసికొమ్మని చెప్పినను డేవీ అంగీకరింపలేదు. గనుల యజమానులు కృతజ్ఞతతో వెండిపాత్రల నొసగిరి.

ఇంతటివాడును ఒకయెడ తన గౌరవమునకు తగినట్లు ప్రవర్తింపలేదు. కిల్లింగ్‌వర్త్ గనిలో యంత్రములు చూచుకొను జార్జి స్టీఫెన్‌సన్ 1815 అక్టోబరులోనే తన దీపమును గనిలో పరీక్షించియుండెను. చదువు లేనివాడు స్వయముగా అట్టిది చేయగలడని డేవీ నమ్మక, తన భావమును దొంగిలించెనని నిందించెను. వైద్యుని యింట మందులు నూరి పైకి వచ్చినవాడు అట్లనుట వింతయే. స్టీఫెన్‌సన్ తరువాత రైలుమార్గముల నిర్మాతగా విఖ్యాతుడయ్యెను.

దీపము వచ్చినను చావులు తగ్గలేదని 1835లో బ్రిటిష్ పార్లమెంటు సంఘపు విచారణలో తేలెను. దీపమున్నదను ధైర్యముతో, పూర్వము విడిచిన వాయుపూరితమైన పొరలలోనికి పనివారిని దింపిరి. వల త్రుప్పుపట్టి చిల్లులు పడెడిది. బలమైన గాలివీచినచో మంట వల దాటెడిది. వెలుగు చాలక పనివారే దానిని తెఱచెడివారు. దీపము వాయువును తొలగింపదు, తొలగింపవలసినది గాలిప్రసారమే.

అయినను ఆ దీపమునకు వేఱొక గుణము గలదు. వత్తిని తగ్గించి మెల్లగా గనికప్పువైపు ఎత్తినపుడు, మీథేనున్నచో మంటపై నీలిరంగు టోపీ కనబడును. వాయువు హెచ్చినకొలది అది పొడవగును. మీథేను గాలికంటె తేలికయగుటచే కప్పుక్రింద చేరును. అట్టి దీపముల వంశము సింగరేణి బొగ్గుబాయిలలోనికిని దిగినది. ఈ వాయువు నూటికి 1.25 పాళ్లకు చేరినచో పనివారిని ఆ చోటినుండి తరలింపవలెనని 1957 నాటి భారత బొగ్గుగనుల నియమావళి విధించెను. తరువాత అంకెలలో కొలత చూపు మీథేను మాపకములు వచ్చినవి.

డేవీ 1820లో రాయల్ సొసైటీకి అధ్యక్షుడై, ఆరోగ్యము చెడుటచే 1827లో విరమించి, 1829 మే 29వ తేదీన జెనీవా నగరమున ఏబదియవ యేట మరణించెను. గనుల యజమానులిచ్చిన వెండిపాత్రలు తుదకు రాయల్ సొసైటీకి చేరెను. వానిని కరగించి అమ్మిన సొమ్ముతో రసాయనశాస్త్రమునకు డేవీ పతకము నెలకొల్పబడెను. 1877లో తొలి పతకము జర్మను శాస్త్రజ్ఞులైన బున్సెన్, కిర్కాఫ్‌లకు లభించెను.