బార్డోలి పాఠం, ఢిల్లీ నివేదిక

ఢిల్లీ నుంచి ముంబాయి పోయే రైలు సూరత్ దాటిన కొద్దిసేపటికే సచిన్ స్టేషను వస్తుంది. ఇప్పుడది కర్మాగారాల ఊరు. 1948 వరకు అది హబ్షీ సంతతికి చెందిన సిద్దీ నవాబుల చిన్న సంస్థానానికి పేరు. దానికి తూర్పుదిక్కున బార్డోలి తాలూకా ఉన్నది. ఈ దారిన పోయినప్పుడల్లా నాకు బల్వంతరాయ్ మెహతా గుర్తుకు వస్తారు. సంస్థాన ప్రజల హక్కులు, బార్డోలి రైతుల శిస్తు, ఈ రెండు పోరాటాలూ ఆయన జీవితంలో కలిశాయి. సూరత్ మగ్గాల మీద బతుకుతున్న మన కరీంనగరు, వరంగల్లు నేతకార్మికులకు పంచాయతీ సమితి అన్న మాట తెలుసు. ఆ మాటకు రూపమిచ్చినవాడు గుజరాతీయుడని ఎందరికి తెలుసు?

మెహతా భావనగరు సంస్థానంలో పుట్టారు. సహాయ నిరాకరణ రోజులలో పరాయి ప్రభుత్వమిచ్చే పట్టా తనకు అక్కరలేదని విశ్వవిద్యాలయాన్ని వదిలారు. 1921లో భావనగరు ప్రజామండలి స్థాపనకు పూనుకున్నారు. 1928లో బార్డోలి సత్యాగ్రహంలో పాల్గొన్నారు. మొత్తం మీద సుమారు ఏడేళ్ళు జైళ్ళలో గడిపారు.

బార్డోలిని మనం వల్లభ్‌భాయి పటేలు నాయకత్వానికి గుర్తుగా స్మరిస్తాము. నా దృష్టిలో అది ఒక ప్రభుత్వ నివేదిక మీద జరిగిన పోరాటం కూడా. సరిగా పరిశీలించని కౌలు లెక్కలను ఆధారం చేసుకొని అధికారులు శిస్తు పెంచమన్నారు. ప్రభుత్వం సుమారు 22 శాతం పెంచింది. రైతులు కట్టమన్నారు. భూములు జప్తు అయినా చలించలేదు. చివరకు బ్రూమ్‌ఫీల్డ్, మాక్స్‌వెల్ అనే ఇద్దరు అధికారులు ఊరూరా తిరిగి, రైతులను విచారించి, సుమారు 6 శాతానికి మించిన పెంపు న్యాయం కాదని తేల్చారు. ఒకే తాలూకా, ఒకే ప్రభుత్వం. ఊరిని చూడని కాగితం ఒక మాట చెప్పగా, చూసిన కాగితం మరొక మాట చెప్పింది.

స్వాతంత్ర్యం తరువాత మెహతా ఢిల్లీ చేరారు. లోక్‌సభ సభ్యుడయ్యారు. తిరుపతి ప్రాంత ప్రతినిధి అనంతశయనం అయ్యంగారు తరువాత అంచనాల సంఘానికి అధ్యక్షులయ్యారు. ప్రభుత్వం పెట్టే ఖర్చుకు తగిన ఫలితం వస్తున్నదా అని పద్దు పద్దునా అడగడమే ఆ సంఘం పని. వేదికల మీద చప్పట్లు తెచ్చే పని కాదది. ఓపిక కావలసిన పని.

1952 అక్టోబరు 2న ఆర్భాటంగా మొదలైన సమాజ వికాస పథకం నాలుగేళ్ళకే నీరసించింది. జీపులు తిరిగాయి, బ్లాకు కార్యాలయాలు వెలిశాయి, గ్రామస్థుడు మాత్రం ప్రేక్షకుడుగానే మిగిలాడు. 1957 జనవరిలో మెహతా నాయకత్వాన అధ్యయన బృందాన్ని నియమించారు. పొదుపు, సమర్థత ఎంతవరకు ఉన్నాయో చూడడం దాని ప్రధాన బాధ్యత. ఆయన అక్కడితో ఆగలేదు. ఈ పథకం ఎవరిది, నిర్ణయించేది ఎవరు అన్న ప్రశ్న వేశారు. నవంబరు 24న ఇచ్చిన నివేదికలో, స్థానికుల చొరవను ఈ పథకం మేల్కొల్పలేకపోయిందని ఒప్పుకున్నారు. గ్రామ పంచాయతీ, సమితి, జిల్లా పరిషత్తు అనే మూడంచెలకు అధికారాన్నీ, బాధ్యతనూ, నిధులనూ బదలాయించాలన్నారు. తమ ప్రభుత్వం ముద్దుగా పెంచుకుంటున్న పథకాన్ని గురించి అధికారపక్షం పెద్ద ఒకరు ఇట్లా రాయడం చిన్న సంగతి కాదు.

ఆ నివేదికలోనూ లోపాలున్నాయి. జిల్లా పరిషత్తుకు కలెక్టరునే అధ్యక్షునిగా ఉంచమన్నది. పరిషత్తును సలహాలకు పరిమితం చేసింది. ప్రజలను నమ్మిన మనిషి కూడా జిల్లా స్థాయికి వచ్చేసరికి అధికారి చేయి వదలలేకపోయారు.

1959 అక్టోబరు 2న రాజస్థానంలోని నాగౌరులో నెహ్రూ ఈ వ్యవస్థకు ప్రారంభోత్సవం చేశారు. నవంబరు 1న, సంజీవరెడ్డి ముఖ్యమంత్రిగా ఉండగా, ఆంధ్రప్రదేశ్ దానిని అమలులో పెట్టింది. సమితి అధ్యక్ష పదవులు మన జిల్లా రాజకీయాలకు పాఠశాలలయ్యాయి. అయితే ప్రభుత్వాలు నివేదికలోని భవనాన్ని కట్టాయి గాని తాళంచెవులు ఇవ్వలేదు. అనేక రాష్ట్రాలలో ఎన్నికలు ఏళ్ళ తరబడి వాయిదా పడ్డాయి. నిధులు సచివాలయాలలోనే నిలిచాయి. 1986లో మన సమితులు పోయి మండలాలు వచ్చాయి. ఐదేళ్ళకొకసారి ఎన్నిక తప్పనిసరి కావడానికి 1993లో అమలైన 73వ రాజ్యాంగ సవరణ దాకా ఆగవలసి వచ్చింది.

మెహతా ఆ రోజు చూడలేదు. 1963లో ఆయన గుజరాత్ ముఖ్యమంత్రి అయ్యారు. 1965 సెప్టెంబరు 19న, పాకిస్తాన్‌తో యుద్ధం సాగుతుండగా, కచ్ సరిహద్దు వైపు పోతున్న ఆయన చిన్న విమానాన్ని పాకిస్తాన్ యుద్ధవిమానం సుథరి వద్ద కూల్చివేసింది. భార్య సరోజ్‌బెన్, సిబ్బంది, ఒక పత్రికా విలేకరి, విమాన చోదకులతో కలిపి ఎనిమిదిమంది మరణించారు. ఆ విలేకరి నా వృత్తివాడు. అందుకే ఆ వార్త ఎప్పుడు చదివినా మనసు బరువెక్కుతుంది.

నేడు ఢిల్లీలో పథకాలను విశ్లేషించేవారికి కొదవలేదు. 1952లో పుట్టిన కార్యక్రమ మూల్యాంకన సంస్థ 2015లో నీతి ఆయోగ్ కింది కార్యాలయంలో లీనమైంది. పట్టికలు పెరిగాయి, కంప్యూటర్లు వచ్చాయి. కాని ఒక పథకం విఫలమైందని రాసేవాడికీ, ఆ రాతను చదివి అధికారం వదులుకునే ప్రభుత్వానికీ మధ్య దూరం తగ్గినట్లు నాకు తోచదు. బార్డోలి రైతు ఆ దూరాన్ని శిస్తు ఎగవేసి తగ్గించాడు. మన సర్పంచి ఖాళీ ఖజానా ముందు కూర్చుని ఎదురుచూస్తున్నాడు.