శత్రువు బిడ్డకు పాలు



ఎక్కడో దూరదేశంలో పసిబిడ్డలు తిండిలేక చనిపోతున్నారని వార్తల్లో వింటాము. ప్రభుత్వాలు చూస్తూ ఊరకున్నాయని మండిపడతాము. చేతిలోని కాఫీ చల్లారేలోగా ఆ కోపమూ చల్లారిపోతుంది. చల్లారని కోపం ఏమి చేయగలదో తెలియాలంటే ఎగ్లాంటైన్ జెబ్ జీవితం చూడండి.

ఆమె 1876 ఆగస్టు 25న ఇంగ్లండులోని ఎల్స్‌మియర్‌లో ఒక కలిగిన కుటుంబంలో పుట్టింది. ఆంగ్లికన్ సభకు చెందినది. ఆక్స్‌ఫర్డులో చరిత్ర చదివి, కొంతకాలం బడిలో పాఠాలు చెప్పింది. కానీ పిల్లల మధ్య గడపడం ఆమెకు అంతగా నచ్చేది కాదు. ఆ పని మానుకుంది. పెళ్లి చేసుకోలేదు, సొంత బిడ్డలు లేరు. పొరుగువాని ప్రేమించడమంటే ముద్దు చేయడం కాదు, అతనికి న్యాయంగా రావలసింది అందేలా చూడడం అని చెప్పడానికి ఇంతకంటే మంచి ఉదాహరణ నాకు దొరకలేదు.

మొదటి ప్రపంచ యుద్ధంలో బ్రిటను, దాని మిత్రదేశాలు జర్మనీకి, ఆస్ట్రియాకు సముద్రం మీద సరుకులు చేరకుండా దిగ్బంధం చేశాయి. 1918 నవంబరు 11న తుపాకులు ఆగాయి. దిగ్బంధం మాత్రం 1919 జూలై వరకు పూర్తిగా తొలగలేదు. సంధి షరతులకు శత్రువును ఒప్పించడానికి ఆకలి ఒక ఆయుధమయింది. వియన్నాలో పిల్లలు పాలులేక ఎముకల గూళ్లయ్యారు. ఎగ్లాంటైన్, ఆమె చెల్లెలు డొరోతీ బక్స్‌టన్ ప్రభుత్వానికి మొరపెట్టుకున్నారు. ఫలితం కనిపించలేదు.

అప్పుడామె లండనులోని ట్రఫాల్గర్ స్క్వేరులో నిలబడి, ఎండిపోయిన ఒక ఆస్ట్రియా బిడ్డ బొమ్మతో కరపత్రాలు పంచింది. మన దిగ్బంధమే దీనికి కారణమని వాటిలో అచ్చువేసింది. సెన్సారు అనుమతి లేదని పోలీసులు పట్టుకున్నారు. 1919 మే నెలలో కోర్టులో తన వాదన తానే వినిపించింది. చట్టం ప్రకారం ఓడిపోయింది, అయిదు పౌన్ల జరిమానా పడింది. విచిత్రమేమంటే, ఆమెకు వ్యతిరేకంగా వాదించిన ప్రభుత్వ న్యాయవాదియే అంత సొమ్ము తీసి ఆమె చేతిలో పెట్టాడు. ఆకలిగొన్న బిడ్డలకు అందిన తొలి కానుక అదే.

మే 19న ఆల్బర్ట్ హాలులో బహిరంగ సభ జరిగింది. శత్రువుల పిల్లలకు తిండి పెట్టమనడం దేశద్రోహమని, కుళ్లిన పండ్లు విసరడానికి వచ్చినవారూ ఉన్నారని చెబుతారు. ఆ సభలోనే సేవ్ ది చిల్డ్రన్ ఫండ్ ప్రజల ముందుకు వచ్చింది.

ఆ మొర రోమునకూ చేరింది. పోపు 15వ బెనెడిక్టు జగద్గురువులు ఆమెకు దర్శనమిచ్చి ఆలకించారు. 1919 నవంబరు 24న విశ్వలేఖ వ్రాసి, హేరోదు చంపించిన నిర్దోష శిశువుల పండుగయిన డిసెంబరు 28న, కతోలిక దేవాలయాలలో మధ్య ఐరోపా బిడ్డలకోసం కానుకలు పట్టాలని కోరారు. మరుసటి ఏడాది మరో విశ్వలేఖలో ఈ సంస్థను పేరుపెట్టి మెచ్చుకున్నారు. ఆంగ్లికన్ స్త్రీ మొదలుపెట్టిన పనికి శ్రీసభ చేయి కలిపింది.

1921లో రష్యాలో ఘోర కరువు వచ్చింది. కమ్యూనిస్టు పాలనకు సాయపడినట్లవుతుందని అనేక ప్రభుత్వాలు వెనుదీశాయి. ఆమె సంస్థ ఓడలో ఆహారం పంపి, సరాతోవ్ ప్రాంతంలో వంటశాలలు తెరిచింది. కరువు దృశ్యాలను చలనచిత్రంగా తీయించి సినిమా హాళ్లలో చూపించింది.

అయినా దానధర్మాలతోనే ఆమె తృప్తిపడలేదు. దాత మనసు మారితే బిడ్డ మళ్లీ పస్తుండవలసిందే. అందుకే బిడ్డకు తిండి హక్కు అని అయిదు సూత్రాల ప్రకటన తయారు చేసింది. 1924లో నానాజాతి సమితి దానిని ఆమోదించింది. ఆరోగ్యం క్షీణించి, 1928 డిసెంబరు 17న, 52వ ఏట, జెనీవాలో కన్నుమూసింది. ఆమె వేసిన విత్తనం 1989లో ఐక్యరాజ్యసమితి బాలల హక్కుల ఒడంబడికగా ఎదిగింది. 1992లో మన దేశమూ అందులో చేరింది.

పాఠకులారా, ప్రభుత్వం చేయవలసింది చేయనప్పుడు కోపపడడం పాపం కాదు. ఆ కోపం బిడ్డ నోటికి పాలచుక్కగా చేరేదాకా ఆగకూడదు. ఈసారి వార్తలు వినేటప్పుడు, ప్రభుత్వానికి ఒక ఉత్తరం వ్రాయండి. ఒక పూట ఖర్చు తీసి పక్కన పెట్టండి. ఆ బిడ్డ ఎవరి బిడ్డ అని మాత్రం అడగకండి.