హుజూర్‌నగర్ గెలిపించిన మఖ్దూం

మఖ్దూం మొహియుద్దీన్ గారి పేరెత్తితే మన ఇళ్లలో పెద్దవాళ్లకు ముందు షాయరీయే గుర్తుకొస్తుంది. 1982లో వచ్చిన 'బజార్' సినిమాలో ఆయన గజల్ విన్నవాళ్లకూ అంతే. ఆయన శాసనసభ్యులుగా కూడా ఉన్నారనీ, గెలిపించింది హైదరాబాదు నగరం కాదు, ఖమ్మం నుంచి కోదాడ దాటితే వచ్చే హుజూర్‌నగర్ అనీ మన పిల్లలు ఎరుగరు.

1908 ఫిబ్రవరి 4న మెదక్ జిల్లా ఆందోలులో పుట్టారు. చిన్నతనంలోనే తండ్రి పోతే చిన్నాన్న బషీరుద్దీన్ గారు పెంచారు. మసీదు ఊడ్వడం, నీళ్లు మోయడం కుర్రవాడి పని. రష్యాలో అందరూ ఒకే దస్తర్‌ఖాన్ మీద కూర్చుని తింటారట అని మొదట చెవిన వేసింది కూడా ఆ నమాజీ చిన్నాన్నేనంటారు! ఉస్మానియాలో చదివే రోజుల్లో ఇల్లు లేక మసీదులో పడుకున్నారు, బొమ్మలమ్మి పొట్ట పోసుకున్నారు. 1936లో ఎం.ఏ. పూర్తయింది. తర్వాత సిటీ కాలేజీలో లెక్చరర్ ఉద్యోగం దొరికింది. నెల జీతం విలువ మనకు ఒకరు చెప్పాలా? అటువంటి ఉద్యోగాన్ని 1941లో వదిలేసి కార్మిక సంఘాల్లోకి వెళ్లిపోయారు.

1947 సెప్టెంబరు 11న రావి నారాయణరెడ్డి, బద్దం ఎల్లారెడ్డి గార్లతో కలిసి నిజాం సర్కారు మీద సాయుధ పోరాటానికి పిలుపునిచ్చారు. రజాకార్ల రోజులవి. ముసల్మాను అయ్యుండి నిజాం మీదికి వెళతాడా అని మనవాళ్లలో నొచ్చుకున్నవారు లేకపోలేదు, ఆ సంగతి దాచనక్కరలేదు. అజ్ఞాతవాసం, జైలు రెండూ చూశారాయన.

1952 ఎన్నికలు వచ్చాయి. అప్పుడు మన వేంసూరు ప్రాంతం హైదరాబాదు రాష్ట్రంలో వరంగల్ జిల్లా కింద ఉండేది, ఖమ్మం జిల్లా 1953లో గాని ఏర్పడలేదు. కమ్యూనిస్టు పార్టీ మీద నిషేధం ఉన్నందున వాళ్లు పీపుల్స్ డెమొక్రటిక్ ఫ్రంట్ పేరుతో పోటీచేసి 175 స్థానాల్లో 42 గెలిచారు. మఖ్దూం మాత్రం తాను చదువుకున్న, తన ఉర్దూ తెలిసిన నగరంలో ఓడిపోయారు. అదే ఏడాది హుజూర్‌నగర్ ఉప ఎన్నికలో నిలబడితే తెలుగు రైతులు, కూలీలు గెలిపించి పంపారు. భాషా అడగలేదు, మతమూ అడగలేదు.

శాసనమండలి 1958లో ఏర్పడింది. అందులో సభ్యులై కమ్యూనిస్టుల తరఫున చివరిదాకా మాట్లాడారు. 'బిసాతే రక్స్' సంపుటికి 1969లో సాహిత్య అకాడమీ బహుమతి వచ్చింది. ఆ ఏడాదే ఆగస్టు 25న ఢిల్లీలో గుండెపోటుతో ఇంతకాల్ అయ్యారు. హైదరాబాదుకు తెచ్చి షా ఖామోష్ దర్గా ఖబరస్తాన్‌లో దఫన్ చేశారు. హిమాయత్‌నగర్‌లోని ఆయన పార్టీ కార్యాలయానికి మఖ్దూం భవన్ అని పేరు పెట్టుకున్నారు.