లోట్టె రైనిగర్

లోట్టె రైనిగర్ (1899 జూన్ 2 - 1981 జూన్ 19) ప్రసిద్ధ జర్మన్ యానిమేషన్ చిత్రాల రూపకర్త. నల్లని అట్టను కత్తెరతో కత్తిరించి చేసిన నీడబొమ్మలతో చలనచిత్రాలు నిర్మించే పద్ధతికి ఈమె ఆద్యురాలిగా పేరు పొందింది. 1926లో విడుదలైన "రాకుమారుడు అహ్మద్ సాహసాలు" ఈమె ప్రధాన కృతి. నేడు లభిస్తున్న పూర్తి నిడివి యానిమేషన్ చిత్రాలలో ఇదే అత్యంత ప్రాచీనమైనది. మొదటి పూర్తి నిడివి యానిమేషన్ చిత్రం వాల్ట్ డిస్నీ నిర్మించిన "స్నో వైట్" అని చాలామంది భావిస్తారు. కాని ఆ చిత్రం 1937 డిసెంబరులో, అంటే రైనిగర్ చిత్రం తరువాత పదకొండేళ్ళకు వెలువడింది. అర్జెంటీనాలో క్విరినో క్రిస్టియాని 1917లోనే అటువంటి చిత్రాన్ని రూపొందించాడు గాని, దాని ప్రతులు అగ్నిప్రమాదంలో నశించాయి.

బాల్యం, విద్య

రైనిగర్ బెర్లిన్ సమీపాన గల షార్లొటెన్‌బర్గ్‌లో జన్మించింది. చిన్ననాటి నుండే కాగితాన్ని బొమ్మలుగా కత్తిరించడంలో అసాధారణ నేర్పు కనబరచింది. ఇంటిలోనే చిన్న నీడబొమ్మల రంగస్థలం ఏర్పాటు చేసుకొని షేక్స్‌పియర్ నాటకాలను ప్రదర్శించేది. 1915లో నటుడు, దర్శకుడు అయిన పాల్ వెగెనర్ చలనచిత్రాలలోని అద్భుత దృశ్యావకాశాల గురించి చేసిన ప్రసంగం ఈమె జీవితాన్ని మలుపు తిప్పింది. తరువాత బెర్లిన్‌లో మాక్స్ రైన్‌హార్ట్ నాటక సంస్థకు అనుబంధమైన పాఠశాలలో చేరింది. అక్కడ నటీనటుల ఆకృతులను నల్ల కాగితంతో కత్తిరించి అందరి దృష్టిని ఆకర్షించింది.

ఆ నేర్పును గమనించిన వెగెనర్ 1918లో తన "హామెలిన్ వేణుగాన విద్వాంసుడు" చిత్రంలో శీర్షికలకు నీడబొమ్మలు తయారుచేసే పనిని ఈమెకు అప్పగించాడు. ఆ చిత్రంలో ఎలుకలు చెప్పినట్లు నడవకపోవడంతో, కొయ్య ఎలుకలను కొద్దికొద్దిగా జరుపుతూ చిత్రీకరించవలసి వచ్చింది. అందులో ఈమె కూడా పాలుపంచుకుంది. 1919లో బెర్లిన్‌లోని సాంస్కృతిక పరిశోధనా సంస్థలో తన మొదటి నీడబొమ్మల చిత్రాన్ని రూపొందించింది. అక్కడ పరిచయమైన కార్ల్ కోఖ్‌ను 1921లో వివాహమాడింది. ఆయన జీవితాంతం ఈమె చిత్రాలకు ఛాయాగ్రహణంలో, నిర్మాణ నిర్వహణలో తోడుగా నిలిచాడు.

నిర్మాణ పద్ధతి

రైనిగర్ బొమ్మలను నల్లని అట్టతోను, పలుచని సీసపు రేకుతోను చేసేది. తల, భుజం, మోచేయి, నడుము, మోకాలు వంటి భాగాలను వేరువేరుగా కత్తిరించి, సన్నని తీగతో కీళ్ళు కలిపేది. ఈ బొమ్మలను గాజుపలకపై పరచి, క్రింది నుండి వెలుతురు ప్రసరింపజేస్తారు. పైన అమర్చిన కెమెరాతో ఒక చిత్రం తీస్తారు. తరువాత బొమ్మను వెంట్రుకవాసి కదిపి మరొకటి తీస్తారు. ఇలా తీసిన వేలాది చిత్రాలను వరుసగా ప్రదర్శించినప్పుడు బొమ్మ నడచినట్లు కనిపిస్తుంది. నేపథ్యానికి పలుచని కాగితపు పొరలను వాడేవారు. ఒకదానిపై ఒకటిగా పలు గాజుపలకలను అమర్చి దృశ్యానికి లోతు కల్పించేవారు. డిస్నీ సంస్థ బహుతల కెమెరాను 1937లో ఉపయోగించడానికి చాలాకాలం ముందే ఈ ఉపాయం ఈమె చిత్రశాలలో అమలులో ఉంది.

తెలుగు పాఠకులకు ఈ కళ పరాయిదిగా తోచదు. మన తోలుబొమ్మలాటలో కీళ్ళున్న తోలుబొమ్మలను తెర వెనుక దీపపు వెలుగులో ఆడిస్తారు. అయితే మన బొమ్మలు రంగులద్దినవి, వెలుగు వాటిలో నుండి ప్రసరిస్తుంది. ఉత్తరాంధ్రకు పొరుగున ఉన్న ఒడిశాలోని రావణఛాయలో బొమ్మలకు రంగులు గాని, కదిలే కీళ్ళు గాని ఉండవు. తెరపై నల్లని నీడ మాత్రమే కనిపిస్తుంది. రైనిగర్ బొమ్మలు కీళ్ళ విషయంలో తోలుబొమ్మలను, నలుపు విషయంలో రావణఛాయను పోలి ఉంటాయి. ఆసియా దేశాల నీడబొమ్మలాటలను ఈమె శ్రద్ధగా పరిశీలించింది. నీడబొమ్మల రంగస్థలం, చిత్రాలను గురించి 1970లో ఒక గ్రంథాన్ని వెలువరించింది.

రాకుమారుడు అహ్మద్ సాహసాలు

1920ల తొలినాళ్ళలో జర్మనీలో ద్రవ్యోల్బణం మితిమీరింది. డబ్బు విలువ పడిపోతుండగా, లూయీ హాగెన్ అనే బ్యాంకు యజమాని ముందుజాగ్రత్తగా ముడి ఫిల్మును కొని నిల్వచేశాడు. దానితో పూర్తి నిడివి చిత్రం తీయవలసిందిగా రైనిగర్‌ను కోరాడు. యానిమేషన్ అంటే కొద్ది నిమిషాల హాస్యచిత్రమే అనుకునే కాలమది. పోట్స్‌డామ్‌లోని ఆయన ఇంటి గారేజీపై చిత్రశాల వెలిసింది. 1923 నుండి 1926 వరకు మూడేళ్ళు శ్రమించి ఈ చిత్రాన్ని పూర్తిచేశారు. వాల్టర్ రూట్‌మాన్, బెర్తోల్డ్ బార్టోష్ సహకరించారు. వుల్ఫ్‌గాంగ్ జెల్లర్ సంగీతం సమకూర్చాడు.

అరేబియా రాత్రుల కథలు దీనికి ఆధారం. మాంత్రికుడు, ఎగిరే గుఱ్ఱం, అల్లావుద్దీన్, అద్భుత దీపం ఇందులో కనిపిస్తాయి. మంత్రగత్తె, మాంత్రికుడు క్షణానికొక రూపం ధరిస్తూ పోరాడే ఘట్టం ప్రసిద్ధి చెందింది. సుమారు 65 నిమిషాల ఈ మూకీ చిత్రం 1926 మే 2న బెర్లిన్‌లో ప్రదర్శితమైంది. తరువాత పారిస్‌లోనూ మెప్పు పొందింది. ఫ్రెంచి దర్శకుడు జాఁ రెన్వార్ ఈమెకు ఆత్మీయ మిత్రుడయ్యాడు.

ప్రవాస జీవితం

1933లో నాజీలు అధికారంలోకి వచ్చారు. వారి పాలనను సహించలేని రైనిగర్ దంపతులు దేశం విడువ నిశ్చయించారు. కాని ఏ దేశమూ వారికి శాశ్వత నివాసానుమతి ఇవ్వలేదు. వీసా గడువు తీరినప్పుడల్లా ఒక దేశం నుండి మరొక దేశానికి తరలిపోతూ సంవత్సరాలు గడిపారు. ఆ సంచార జీవితంలోనూ పని ఆగలేదు. మోజార్ట్ సంగీతం ఆధారంగా "పాపగేనో" (1935) చిత్రాన్ని నిర్మించింది. రెన్వార్ తీసిన "లా మార్సెయేజ్" (1938)లో నీడబొమ్మల ఘట్టాన్ని సమకూర్చింది. యుద్ధకాలంలో కొంతకాలం ఇటలీలో ఉండి, యుద్ధం చివరి దశలో అనారోగ్యంతో ఉన్న తల్లి కొరకు తిరిగి బెర్లిన్ చేరింది. 1945లో బెర్లిన్ పోరాటాలలో "అహ్మద్" చిత్రపు మూల నెగెటివ్ నాశనమైంది.

1949లో దంపతులు లండన్‌లో స్థిరపడ్డారు. ఒకనాడు "అహ్మద్" తన ఇంటిలోనే తయారవడం చూసిన హాగెన్ కుమారుడు అక్కడ ప్రింరోజ్ ప్రొడక్షన్స్ అనే సంస్థను స్థాపించి, రైనిగర్‌చే టెలివిజన్ కొరకు సిండరెల్లా వంటి పిల్లల కథాచిత్రాలను తీయించాడు. వాటిలో ఒకటైన "సాహసి దర్జీ"కి 1955లో వెనిస్‌లో బహుమతి లభించింది.

చివరి రోజులు

1963లో భర్త మరణించిన తరువాత రైనిగర్ చాలాకాలం చిత్రనిర్మాణానికి దూరంగా ఉంది. 1972లో జర్మన్ చలనచిత్ర రంగం ఈమెను స్వర్ణ పురస్కారంతో గౌరవించింది. 1970లలో కెనడా ఆహ్వానంపై మళ్ళీ కత్తెర పట్టి, "ఒకాసెన్, నికొలెట్" (1975) చిత్రాన్ని రూపొందించింది. 1981 జూన్ 19న జర్మనీలోని డెట్టెన్‌హౌసెన్‌లో తన 82 ఏళ్ళ వయసులో మరణించింది.

"అహ్మద్" నెగెటివ్ నశించినా, బ్రిటన్‌లో భద్రపరచిన ఒక ప్రతి ఆధారంగా 1990ల చివరలో ఆ చిత్రాన్ని పునరుద్ధరించారు. అందువల్లనే నేటి విద్యార్థులు దానిని చూడగలుగుతున్నారు. ఈమె బొమ్మలు, చిత్తుప్రతులు జర్మనీలోని ట్యూబింగెన్ నగర మ్యూజియంలో ఉన్నాయి. పెద్ద చిత్రశాలగాని, స్థిరమైన నివాసంగాని లేని కాలంలోనూ ఈమె ఎన్నో చిత్రాలు రూపొందించగలిగింది. కత్తెర, అట్ట, గాజుపలక, దీపం వంటి ఎక్కడికైనా వెంట తీసుకువెళ్ళగలిగే పరికరాలతోనే సాగే కళ కావడం అందుకు ముఖ్య కారణం.