మూసీ వరద – మోక్షగుండం విశ్వేశ్వరయ్యగారు

అనంతగిరి కొండలలో పుట్టిన మూసీ హైదరాబాదు నగరము నడుమగా ప్రవహించి, నల్లగొండ సీమను దాటి, వాడపల్లి యొద్ద కృష్ణలో కలియును. వానలు లేని దినములలో అది సన్నని యేఱు. అట్టి యేఱు 1908వ సంవత్సరము సెప్టెంబరు 28వ తేదీన మహానగరమును ముంచివేసెను. అఫ్జల్‌గంజ్, ముసల్లంజంగ్, చాదర్‌ఘాట్ వంతెనలు తెగిపోయినవి. ఇంచుమించు 19,000 ఇండ్లు కూలినవి. 15,000 మంది మరణించిరని అంచనా. నదియొడ్డున ఆసుపత్రి తోటలోని యొక చింతచెట్టు నెక్కి 150 మంది ప్రాణములు దక్కించుకొనిరి.

వరద తీసిన పిమ్మట అందఱిని వేధించిన ప్రశ్న యొక్కటే. ఇంత నీరు ఎచ్చటినుండి వచ్చినది? మఱల నట్టి యాపద రాకుండ చేయుట మానవసాధ్యమా? దీనికి సమాధానము వెదకుటకై నిజాం ప్రభుత్వము మోక్షగుండం విశ్వేశ్వరయ్యగారిని పిలిపించెను.

విశ్వేశ్వరయ్యగారి పూర్వులు తెలుగువారు. గిద్దలూరు ప్రాంతమునందలి మోక్షగుండమను గ్రామమే వారి యింటిపేరయినది. వారు మైసూరు సీమకు వలసపోగా, చిక్కబళ్ళాపురము సమీపమున ముద్దేనహళ్ళిలో ఆయన జన్మించిరి. తండ్రి శ్రీనివాసశాస్త్రిగారు సంస్కృత పండితులే కాని ధనవంతులు కారు. ఆయన బాలుడుగా నుండగనే తండ్రి గతించెను. బెంగుళూరు సెంట్రల్ కళాశాలలో చదువుకొనుచు, పిల్లలకు పాఠములు చెప్పి పొట్ట పోసికొని, 1881లో పట్టము పొందిరి. పూనాలో ఇంజనీరింగు పరీక్షయందు ప్రథమ స్థానము గడించి, 1884లో బొంబాయి ప్రభుత్వపు కొలువున చేరిరి. సుక్కూరు పట్టణమునకు త్రాగునీరు కావలసి వచ్చినపుడు సింధునది గర్భమునందే బావి త్రవ్వించి, ఇసుక వడగట్టిన నీటిని పైకి తెప్పించిరి. ఖడక్‌వాస్లా జలాశయమునకు 1903లో తమంతట తామే తెరచుకొను తలుపులు అమర్చిరి. 1908లో ఉద్యోగము విరమించి ఐరోపాలో పర్యటించుచుండగా హైదరాబాదు పిలుపు వారి కందెను. 1909 ఏప్రిల్ మాసమున వచ్చి పని చేపట్టిరి.

కూలిన వంతెనలను తిరిగి కట్టించుటయే పనియని మఱియొకరు తలచియుందురు. విశ్వేశ్వరయ్యగారి చూపు నదికి ఎగువకు మరలెను. నగరమునకు పైన మూసీలో ఈసీ యను ఉపనది కలియును. ఈ రెండింటికి నీరు చేకూర్చు భూభాగము 862 చదరపు మైళ్ళు. అందలి చెరువులను లెక్కింపగా 788 తేలినవి. అనగా ఇంచుమించు చదరపు మైలునకు ఒక చెరువు.

ఇన్ని చెరువు లేల? నారాయణపేట మొదలు నల్లగొండ వఱకును గల మెట్టసీమలో చాల తావులందు పలుచని యెఱ్ఱమన్ను క్రింద గట్టి గ్రానైటు రాయి యుండును. వాననీరు లోతుగా ఇంకజాలక పల్లమునకు జారిపోవును. అందుచే పూర్వులు వాగుల వెంట వరుసగా గట్లు పోసి గొలుసుకట్టు చెరువులు నిర్మించిరి. పై చెరువు నిండి అలుగు పారిన నీరు క్రింది చెరువును చేరును. కరవుసీమకు ఇది గొప్ప వరము. కాని యా గొలుసునందు పై కట్ట తెగినచో, ఆ నీరంతయు ఒక్క పెట్టున క్రింది కట్టపై బడును, అదియు తెగును, ఆపై రెండు చెరువుల నీరును మూడవదానిపై బడును.

నాడు జరిగినది ఇదియే. శంషాబాదులో 24 గంటలలో 12.8 అంగుళముల వాన కురిసెను. 221 చెరువులు తెగినవి. వానిలో 182 ఈసీ ప్రాంతమునందలివే. నగరము చేరిన వరద గరిష్ఠముగా సెకనుకు 4,25,000 ఘనపుటడుగులని లెక్క కట్టిరి. చెరువులు కట్టినవారిని నిందించుట న్యాయము కాదు; అట్టి వాన వారి యూహకు అందినది కాదు. విశ్వేశ్వరయ్యగారు మాత్రము ఇతర ప్రాంతముల వర్షపాతపు లెక్కలను గూడ పరిశీలించి, అట్టి వాన మఱల రావచ్చునని నిశ్చయించి, దానికి తగిన యుపాయము నాలోచించిరి.

ఉపాయము వినుటకు సులభము. నగరమునకు ఎగువ మూసీపై ఎనిమిదిన్నర మైళ్ళ దూరమున ఒకటి, ఈసీపై ఆఱున్నర మైళ్ళ దూరమున ఒకటి జలాశయములు కట్టవలెను. నగరములోని నది యెంత నీటిని మోయగలదో అంతయే క్రిందికి విడువవలెను. మిగిలినది జలాశయమున నిలిచి, వాన వెలిసిన పిమ్మట మెల్లగా పోవలెను. నగరములో నది యొడ్డులను ఎత్తుచేసి వానిపై తోటలు పెంచవలెనని గూడ ఆయన సూచించిరి. ఆ సంవత్సరమే నివేదికను సమర్పించి మైసూరునకు వెడలిరి. అచ్చట కన్నంబాడి ఆనకట్టయు, 1912 నుండి 1918 వఱకు దివాను పదవియు ఆయన కీర్తిని దేశమంతట చాటినవి. 1955లో భారతరత్న బిరుదము లభించెను. నూఱేండ్లు నిండిన పిమ్మట 1962 ఏప్రిల్ 14న పరమపదించిరి.

మూసీపై ఉస్మాన్‌సాగరు 1920లోను, ఈసీపై హిమాయత్‌సాగరు 1927లోను పూర్తియైనవి. వరదను ఆపుటకు కట్టిన యా జలాశయములే నగరమునకు త్రాగునీటిని గూడ ఇచ్చినవి. అయితే అవి ఎగువనుండి వచ్చు నీటిని ఆపగలవు గాని నగరము మీదనే కురియు వానను ఆపజాలవు. 2020 అక్టోబరులో హైదరాబాదుపై కుంభవృష్టి కురిసినపుడు, నగరపు అంచులలోని కొన్ని చెరువులకు గండ్లు పడి, వాని దిగువ నున్న కాలనీలు రాత్రికి రాత్రి నీట మునిగినవి.