ఉయ్యాలవాడ నరసింహారెడ్డి

పుల్లలచెరువు నుండి పడమటి దిక్కునకు పోయినచో నల్లమల అడవులు వచ్చును. ఆ అడవుల అంచు వెంట దక్షిణముగా సాగినచో మార్కాపురము, కంభము దాటి గిద్దలూరు చేరవచ్చును. కొండల కావలి వైపున కోవెలకుంట్ల, నొస్సము, ఉయ్యాలవాడ మొదలగు గ్రామములు గల భూమిని రేనాడందురు. 1970లో ఒంగోలు జిల్లా ఏర్పడు వరకు మార్కాపురము, గిద్దలూరు సీమలును కర్నూలు జిల్లాలోనివే. కావున రేనాటి కథ మనకు పొరుగువారి కథ కాదు. కొంతవరకు మన కథయే.

పూర్వము రేనాటిని పాలెగాండ్రు ఏలుచుండిరి. వారికి చిన్న కోటలును, కొలది సైన్యమును ఉండెడివి. గ్రామములకు కావలి కాచుట, శిస్తు వసూలు చేయుట వారి పని. వారిలో ధర్మాత్ములు నుండిరి, దోపిడికాండ్రు నుండిరి. 1800లో నిజాము ఈ సీమను ఇంగ్లీషు కుంపిణీవారికి దత్తము చేసెను. థామస్ మన్రో కలెక్టరుగా వచ్చి పాలెగాండ్ర బలము నణచి, లొంగినవారికి భరణము లేర్పరచి, రైతువారీ పద్ధతిని ప్రవేశపెట్టెను. రైతు తన శిస్తును నేరుగా సర్కారుకే చెల్లింపవలెను. వానలు లేని ఈ మెట్టసీమలో ఆ శిస్తు రైతునకు మోయరాని బరువయ్యెను.

నొస్సము పాలెగాడగు జయరామిరెడ్డికి నరసింహారెడ్డి కూతురి కుమారుడు. తాత యేలిన సీమలో మనుమనికి దక్కినది నెలకు 11 రూపాయల 10 అణాల 8 పైసల భరణము మాత్రమే. ఆ సొమ్ముకై పంపిన తన మనిషిని కోవెలకుంట్ల తహసీలుదారు అవమానించి త్రిప్పి పంపెనని జనులు చెప్పుకొందురు. 1846 జూన్ మాసమున మరియొక దెబ్బ తగిలెను. గూడ్లదుర్తి, కోవెలకుంట్ల, నొస్సము గ్రామములలో హక్కుదారులు మరణింపగా వారి భూముల హక్కులను కుంపిణీవారు స్వాధీనము చేసికొనిరి. వంశములకు వంశములే దిక్కు లేనివయ్యెను. అట్టివారందరును నరసింహారెడ్డి చుట్టు చేరిరి. ఆయన మరల పాలెగాని వలె కత్తి పట్టెను.

ఇచ్చట ఒక ప్రశ్న పుట్టును. కోటలును పాలెములును పోయి నలువదేండ్లు దాటిన పిమ్మట, ఫిరంగులు గల ప్రభుత్వము మీదికి కత్తులతోను ఈటెలతోను పోవుట వీరత్వమా, భ్రమయా? ఇట్టి ప్రశ్నయే స్పెయిను దేశపు కథ యొకదానిని గూర్చియు లోకులు వేయుచున్నారు. సెర్వాంటీస్ అను రచయిత 1605లోను 1615లోను రెండు భాగములుగా ప్రకటించిన గ్రంథమున డాన్ క్విక్సోట్ అను పేద పెద్దమనిషి కలడు. అతడు పూర్వకాలపు యోధుల కథలు చదివి చదివి మతి చలించి, తుప్పు పట్టిన కవచము తొడిగి, బక్కగుఱ్ఱ మెక్కి, లోకమును ఉద్ధరింప బయలుదేరెను. గాలిమరలను రాక్షసులనుకొని వానిపై దుమికి క్రింద పడెను. యజమానుని చేత దెబ్బలు తినుచున్న బాలుని విడిపించెను గాని, అతడు వెడలిపోగానే ఆ బాలునికి దెబ్బలు రెట్టింపయ్యెను. అతనిని చూచి నవ్వుదుము. నవ్విన పిదప మనస్సు కలుక్కుమనును. అతనికి కనబడిన రాక్షసులు లేరు కాని, ఆ బాలుని వీపు మీది దెబ్బలు నిజమైనవే గదా!

నరసింహారెడ్డి కెదురైనవి గాలిమరలు కావు. అణచివేత నిజము, శిస్తు నిజము. ఐనను ఆయన కోపమునకు మొదటి కారణము సొంత భరణమే యని కొందరందురు. అది పూర్తిగా అబద్ధమని త్రోసివేయరాదు. కాని భరణము కొఱకే యైనచో వేలకొలది రైతులును, బోయలును, చెంచులును ఆయన వెంట నేల నడతురు? వారికి రావలసిన భరణములు లేవు. ఆయన దళములకు ముందు నిలిచి నడిపినవాడు వడ్డె ఓబన్న. అతడు పాలెగాండ్ర వంశమువాడు కాడు. నా తలంపున ఈ తిరుగుబాటు బరువు తెలియవలెనన్న ఓబన్నను చూడవలెను.

1846 జూలై మాసమున వారు కోవెలకుంట్ల ఖజానాను కొల్లగొట్టిరి. తరువాత మిట్టపల్లి యొద్ద పోలీసులతో పోరాడి, రుద్రవరముపై పడిరి. కుంపిణీ సైన్యము వెంటాడగా, గిద్దలూరు దాపున తన కుటుంబమున్న కొత్తకోట వైపునకు నరసింహారెడ్డి మరలెను. ఆ ప్రాంతమున పోరు జరిగెను. తరువాత ఆయన నల్లమలలో ప్రవేశించెను. కడప కలెక్టరు కాక్రేన్ ఆయన జాడ చెప్పినవారికి బహుమాన మిత్తునని ప్రకటించెను. 1846 అక్టోబరు 6వ తేదీన పేరుసోముల సమీపమున జగన్నాథాలయ మున్న కొండ యొద్ద ఆయన చిక్కెను.

ఆయన వెంట నడచినవారి గతి యేమి? దాదాపు వేయిమందిపై వారంట్లు వెడలెను. 412 మందిని నేరము మోపక విడిచిరి. 112 మందికి శిక్షలు పడెను. డాన్ క్విక్సోట్ విడిపించిన బాలుడు ఇచ్చట మనకు జ్ఞాపకమునకు వచ్చును. నాయకుని సాహసమునకు వెల చెల్లించువారు తరచుగా పేరు లేనివారే.

నరసింహారెడ్డికి మరణదండన విధించిరి. 1847 ఫిబ్రవరి 22వ తేదీన కోవెలకుంట్లలో రెండువేలకు మించిన జనము చూచుచుండగా ఆయనను ఉరితీసిరి. భయము పుట్టించుటకై ఆయన శిరస్సును కోట గోడకు వ్రేలాడదీసిరి. అది 1877 వరకు అచ్చటనే యుండెను. ఉరి నాడు తల్లి చంకనెక్కి చూచిన పసివారు అప్పటికి ముప్పది యేండ్ల రైతులైరి. ఊరూర ఆయన పాటలు పాడుచుండిరి. ధాత కరువు ఆ సీమనంతయు పీడించుచుండెను.