ఐదేళ్ళకు వచ్చిన న్యాయం

బొంబాయిలోని హాఫ్‌కిన్ ఇన్‌స్టిట్యూట్ పేరు మనలో చాలామంది విన్నదే. ఆ పేరుగల పెద్దమనిషి కూడా మనవలె సర్కారు కొలువు చేసినవారే. ఆరోపణకు గురై, విచారణ ఎదుర్కొన్నవారు. సర్వీసంతా ఫైళ్ళ మధ్య గడిపిన నాకు ఆయన జీవితంలో ఆ ఘట్టమే మనసుకు పట్టింది.

వాల్డెమార్ హాఫ్‌కిన్ 1860లో ఒడెస్సా నగరంలో యూదు కుటుంబంలో జన్మించారు. పారిస్‌లోని పాశ్చర్ సంస్థలో పనిచేస్తూ 1892లో కలరా టీకా తయారుచేసి, మొదట తానే వేయించుకున్నారు. మరుసటి ఏడు మన దేశం వచ్చి వేలాదిమందికి ఆ టీకా వేశారు. 1896లో బొంబాయిలో ప్లేగు చెలరేగగా ప్రభుత్వం ఆయనను అక్కడికి పంపింది. గ్రాంట్ మెడికల్ కాలేజీలో కొద్దిపాటి చోటులో మూడు నెలలు శ్రమించి టీకా సిద్ధంచేశారు. 1897 జనవరి 10న దానినీ ముందుగా తన ఒంటిమీదే పరీక్షించుకున్నారు. 1899లో ఆ పరిశోధనశాల పరేల్‌లోని పాత గవర్నమెంట్ హౌస్‌లోకి మారింది.

1902 అక్టోబరు 30న పంజాబులోని ముల్కోవాల్ గ్రామంలో టీకాలు వేశారు. ఒకే సీసాలోని మందు పడిన 19 మంది ధనుర్వాతంతో మరణించారు. తప్పు పరిశోధనశాలదేనని విచారణ సంఘం తేల్చింది. హాఫ్‌కిన్ గారిని పదవినుంచి తప్పించారు.

అయితే సాక్ష్యం ఫైలులోనే ఉంది. సీసా బిరడా తీసే పటకారు ఆనాడు నేలమీద పడిందనీ, దానిని సరిగా శుద్ధి చేయకుండానే వాడారనీ అందులో ఉంది. విషక్రిమి ముందే సీసాలో పెరిగివుంటే దుర్వాసన రావాలి. అటువంటిదేమీ లేదని సీసా తెరిచిన డాక్టరు చెప్పారు. 1897లో మన సికింద్రాబాదులో మలేరియా రహస్యం కనుగొన్న రొనాల్డ్ రాస్ గారు ఈ అన్యాయంపై పత్రికకు ఎక్కారు. మరికొందరు శాస్త్రజ్ఞులూ గొంతు కలిపారు. చివరకు 1907లో హాఫ్‌కిన్ నిర్దోషి అని తేలింది. తిరిగి కొలువిచ్చారు గాని కలకత్తాలో. తాను స్థాపించిన బొంబాయి పరిశోధనశాల మళ్ళీ ఆయన చేతికి రాలేదు. 1930లో స్విట్జర్లాండులో కన్నుమూశారు.

పోయిన కుర్చీ రాలేదు గాని, ఆయన నాటిన చెట్టు మాత్రం పెరిగింది. ప్లేగు ఎలుకల ఒంటిమీది పురుగుల ద్వారా మనుషులకు సోకుతుందని రుజువుచేసే పరిశోధనలు అక్కడే సాగాయి. పాముకాటుకు విరుగుడు మందు అక్కడ తయారైంది. 1925లో ఆ సంస్థకు ఆయన పేరే పెట్టారు. 1964లో మన తపాలా శాఖ ఆయన బొమ్మతో బిళ్ళ విడుదల చేసింది.

బొంబాయిలో పిల్లల దగ్గర ఉంటున్న మన సభ్యులు పరేల్ వైపు వెళ్ళినప్పుడు ఆ భవనాన్ని మనవలకు చూపి, ఈ కథ కూడా చెప్పవలసిందిగా నా మనవి.